ప్రాజెక్టు పనిలో డిజైన్ థింకింగ్: అసలు పాఠం రెండోసారి వెళ్ళినప్పుడే మొదలవుతుంది

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రాజెక్టు పని ద్వారా డిజైన్ థింకింగ్, అంటే ఒక మనిషి ఇబ్బందిని దగ్గరగా చూసి, నమూనాలు చేసి పరీక్షిస్తూ పరిష్కారం వెతికే పద్ధతి, నేర్పాలని పూనుకున్నారు. ఐదు దశలకు ఐదు వారాలు కేటాయించి, ఒక్కో దశకు ఒక్కో పత్రం ఇచ్చారు. పిల్లలు వాటిని శ్రద్ధగానే నింపారు. తీరా చూస్తే ఎప్పటిలాగే చార్టులూ, థర్మాకోల్ నమూనాలే తయారయ్యాయి. ప్రదర్శనకు ఇంకా మూడు వారాల గడువుంది. లోపం ఎక్కడ జరిగింది, మార్కులు దేనికి వేయాలి అని అడిగారు.

పదిహేనేళ్ళకు పైగా పిల్లలతో ఇలాంటి పని చేయిస్తూ, ఉపాధ్యాయులకు ఇందులో శిక్షణ ఇస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను. మీ పిల్లలు ఎవరి కోసం ఆ వస్తువు తయారు చేశారో ఆ వ్యక్తిని బహుశా మొదటి వారంలో ఒక్కసారి కలిసి ఉంటారు, ఆ తరువాత కలిసి ఉండరు. అరకొరగా తయారైన వస్తువును చేతబట్టుకుని రెండోసారి ఆ వ్యక్తి దగ్గరకు వెళ్ళి, తాము అనుకున్నది ఎక్కడ తప్పిందో కళ్ళారా చూసుకుని, సమస్యను మళ్ళీ మొదటినుంచి రాసుకున్నప్పుడే ఈ ఆలోచనా విధానం పిల్లలకు పట్టుబడుతుంది. అందుకే ప్రాజెక్టు కాలపట్టికను ఆ రెండో కలయిక చుట్టూ అల్లమంటాను. మిగిలినవన్నీ దానికి తగినట్టు కుదించుకోవచ్చు.

ఐదు దశల పట్టిక ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం తెలుసుకుంటే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఉన్న పరిస్థితిని మెరుగైన పరిస్థితిగా మార్చే ఉపాయం పన్నే ప్రతి మనిషీ డిజైన్ చేస్తున్నట్టే అని అమెరికన్ పండితుడు హెర్బర్ట్ సైమన్ 1969లో వాదించాడు. 1973లో హోర్స్ట్ రిటెల్, మెల్విన్ వెబ్బర్ అనే ఇద్దరు ఆచార్యులు అంతకన్నా చిక్కైన మాట చెప్పారు. సమాజానికి సంబంధించిన కొన్ని సమస్యలను ముందుగా పూర్తిగా నిర్వచించి, ఆ తరువాత పరిష్కరించడం సాధ్యపడదనీ, పరిష్కారానికి ప్రయత్నిస్తున్నకొద్దీ సమస్య ఏమిటో తెలిసివస్తుందనీ వారి వాదన. మనం ఇప్పుడు వాడుతున్న సహానుభూతి, నిర్వచనం, ఆలోచనల సేకరణ, నమూనా, పరీక్ష అనే ఐదు మాటల వరుసను 2000 తరువాతి సంవత్సరాల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని డిజైన్ కేంద్రం బాగా ప్రచారంలోకి తెచ్చింది. వాటిని మెట్లుగా భావించవద్దని, ఎటునుంచి ఎటైనా వెళ్ళవచ్చునని అక్కడివారు చెబుతూనే వచ్చారు. కాని బొమ్మగా గీసేసరికి అవి ఎడమనుంచి కుడికి నడిచే ఐదు గడులయ్యాయి, పాఠశాలకు చేరేసరికి ఐదు వారాలయ్యాయి.

ఈ సందర్భంలో 2001లో డిజైన్ పరిశోధకులు కీస్ డోర్స్ట్, నైజెల్ క్రాస్ ప్రచురించిన పరిశీలనను ప్రతి శిక్షణలోనూ గుర్తుచేస్తుంటాను. వారు అనుభవజ్ఞులైన తొమ్మిదిమంది పారిశ్రామిక డిజైనర్లకు రైలు పెట్టెలో చెత్త వేసే ఏర్పాటును రూపొందించే పని అప్పగించి, వారు ఆలోచించే తీరును దగ్గరినుంచి గమనించారు. వాళ్ళెవరూ సమస్యను తేల్చేసి పరిష్కారానికి దిగలేదు. ఒక ఉపాయం తట్టగానే దాని వెలుగులో సమస్యను తిరిగి చూశారు, సమస్య కొత్తగా కనబడగానే ఉపాయాన్ని మార్చుకున్నారు. రెండూ పక్కపక్కనే పెరిగాయి. ఆరితేరినవారే అలా పనిచేస్తుంటే, పదమూడేళ్ళ పిల్లలు రెండో వారానికల్లా సమస్యను ఖరారు చేయాలని కోరడం న్యాయం కాదు.

ఇక సమస్యను ఎంచుకోవడం గురించి. ప్రాజెక్టు సగం ఇక్కడే నిలుస్తుంది లేదా కూలుతుంది. నేను మూడు విషయాలు చూస్తాను. సమస్య పిల్లలు రోజూ వెళ్ళి చూడగలిగే చోట జరుగుతూ ఉండాలి. దానివల్ల ఇబ్బంది పడే వ్యక్తి తమకన్నా వేరైనవారై ఉండి, కనీసం రెండుసార్లు, వీలైతే మూడుసార్లు వారికి దొరకాలి. ఆ వ్యక్తి వాడి చూడగలిగినదేదో అట్టముక్కలతో, జిగురు టేపుతో ఒక పూటలో తయారు చేయగలగాలి. భూతాపం, నీటి కొరత, రోడ్డు ప్రమాదాల వంటి అంశాలు ఈ మూడింటిలో ఒక్కదానికీ నిలవవు. అవి ముఖ్యమైనవే, వాటిని పాఠంగా చెప్పవలసిందే. కాని ఎనిమిదో తరగతి పిల్లవాడు భూతాపం దగ్గరకు రెండోసారి వెళ్ళి నువ్వేమంటావని అడగలేడు. పెద్ద అంశం ఇస్తే పెద్ద ఆలోచన వస్తుందని నేనూ మొదటి కొన్నేళ్ళు నమ్మాను. వచ్చినవన్నీ నినాదాలే.

ఉదాహరణకు ఒక బృందం చేసిన పని మొత్తం చెబుతాను. నలుగురు విద్యార్థులు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు గ్రంథాలయంలో పుస్తకాలు తీసి చదవడం లేదన్నది వారు గమనించిన విషయం. అరలు ఎత్తుగా ఉండటమే కారణమని మొదటి రోజే తేల్చేసి, చిన్న మెట్ల బల్ల తయారు చేస్తామన్నారు. ముందు రెండు విరామాల్లో ఊరికే కూర్చుని చూడమన్నాను. చిన్న పిల్లల చేతులు అరలకు చక్కగానే అందుతున్నాయని వారు గమనించారు. అంతేకాక, పిల్లలు పుస్తకాన్ని సగం బయటికి లాగి, అట్ట చూసి, గబుక్కున వెనక్కి నెట్టేస్తున్నారని కూడా రాసుకున్నారు. ఎందుకలా చేస్తున్నారో అడగడానికి వెళ్ళినప్పుడు ఒక పాప చెప్పిన మాట ఇది: పుస్తకం తీస్తే మళ్ళీ ఎక్కడ పెట్టాలో తెలియదు, తప్పు చోట పెడితే తిడతారు. మెట్ల బల్ల ఆలోచన అక్కడితో ముగిసింది.

ఆ మాట రాబట్టడానికి పిల్లలకు అడగడం నేర్పవలసి వచ్చింది. ఇందుకు ఒక పూర్తి పీరియడ్ ఖర్చుపెట్టినా నష్టం లేదు. పిల్లలు సహజంగా అడిగే ప్రశ్న, మేము ఇలాంటిది తయారు చేస్తే మీకు నచ్చుతుందా అన్నది. దానికి ఎదుటివారు మర్యాద కోసం అవునంటారు, ఆ అవునుతో చేసేదేమీ ఉండదు. జరిగిపోయిన ఒక్క సంఘటన గురించి అడగమని చెప్పండి. నిన్న గ్రంథాలయానికి వచ్చినప్పుడు మొదట ఏం చేశావు, ఆ తరువాత ఏమైంది, ఎందుకు వెళ్ళిపోయావు అని. చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్టుగా, వారి మాటల్లోనే రాసుకోవాలి. నోటు పుస్తకంలో పేజీని మూడు నిలువు భాగాలు చేయించి, చూసినది ఒకచోట, విన్నది ఒకచోట, మేము అనుకుంటున్నది మరొకచోట రాయిస్తాను. మూడో భాగాన్ని మొదటి రెండింటినుంచి వేరు చేయడం పెద్దవారికే కష్టం. పిల్లలు మాత్రం రెండుమూడు సార్లు సరిదిద్దితే ఆశ్చర్యపడేంత త్వరగా నేర్చుకుంటారు.

చూడటానికి వెళ్ళకపోతే ఏం కోల్పోతామో పిల్లలకు చెప్పడానికి ఎమ్మారై యంత్రాల డిజైనర్ డగ్ డీట్జ్ అనుభవం బాగా పనికొస్తుంది. తాను రూపొందించిన యంత్రాన్ని ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళిన ఆయనకు, దాన్ని చూసి భయంతో ఏడుస్తున్న చిన్నపాప ఎదురైంది. ఎంతోమంది పిల్లలకు మత్తు ఇస్తే తప్ప పరీక్ష జరగడం లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. యంత్రం లోపలి భాగాలను మార్చకుండానే, గదినీ యంత్రం పైభాగాన్నీ ఓడ ప్రయాణం వంటి కథల బొమ్మలతో నింపి, సిబ్బంది పిల్లలతో మాట్లాడే తీరును కూడా ఆ కథకు తగ్గట్టు మార్చారు. మత్తు అవసరమయ్యే పిల్లల సంఖ్య తగ్గింది. డిజైన్ అంటే కొత్త యంత్రం కనిపెట్టడమే అనుకునే పిల్లలకు ఈ ఉదాహరణ కళ్ళు తెరిపిస్తుంది.

సమస్యను వాక్యంగా రాసేటప్పుడు ఒక్క పరీక్ష చాలు. ఆ వాక్యంలో పరిష్కారం దాగి ఉందా? చిన్న పిల్లలకు ఎత్తు తక్కువ అలమర కావాలి అన్నది సమస్య కాదు, సమస్య వేషంలో ఉన్న పరిష్కారం. పుస్తకం తీసిన పిల్లలకు దాన్ని తిరిగి ఎక్కడ పెట్టాలో తెలియక, తిట్లు పడతాయన్న భయంతో తీయడమే మానేస్తున్నారు అన్నది సమస్య. ఎవరికి, ఎప్పుడు, ఏం ఇబ్బంది, ఎందువల్లనని అనుకుంటున్నాం అన్న నాలుగూ అందులో ఉన్నాయి. ఆ వాక్యాన్ని పెన్సిలుతో రాయించండి. ఇది చిన్న విషయంగా కనబడవచ్చు గాని, చెరపవచ్చునని చేతికి తెలిస్తే మనసూ మారడానికి సిద్ధంగా ఉంటుంది.

ఆలోచనల సేకరణ దగ్గర మీ తరగతిలో జరిగినదాన్ని నేను ఊహించగలను, ఎందుకంటే నా తరగతుల్లోనూ అదే జరిగింది. మంచి ప్రాజెక్టు ఎలా ఉంటుందో తెలియాలని క్రిందటి ఏడాది నమూనాలను ముందుగా చూపిస్తాం. 1991లో జాన్సన్, స్మిత్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, ఉదాహరణ చూసినవారు దానిలోని లక్షణాలను, లోపాలతో సహా, తమ డిజైన్లలోకి తెచ్చుకున్నారు. ఒలకని కాఫీ కప్పును రూపొందించే పనిలో పీల్చుకుని తాగే గొట్టాలు (స్ట్రాలు) వాడవద్దని స్పష్టంగా చెప్పినా, చూపించిన ఉదాహరణలో గొట్టం ఉన్నందున చాలామంది గొట్టమే పెట్టారు. మీ గదిలోని థర్మాకోల్‌కు మూలం అక్కడే ఉందని నా నమ్మకం. పాత నమూనాలను దాచేయండి, పని పూర్తయ్యాక చూపించండి. అలాగే, అందరూ కూర్చుని ఒకేసారి ఆలోచనలు చెప్పుకోవడంకన్నా ముందు ఎవరికి వారు మౌనంగా పది నిమిషాలు రాసుకుని, ఆ తరువాత బల్లమీద పరచుకోవడం మేలు. బృందంగా కూర్చున్నవారికంటే అంతమందీ విడివిడిగా ఆలోచించినప్పుడే ఎక్కువ ఉపాయాలు వస్తాయని 1987లో డీల్, స్ట్రోబె అనే మనస్తత్వ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపారు. తరగతిలో దీనివల్ల కలిగే మరో లాభం, నోరున్న ఒకరిద్దరి ఆలోచనే బృందం ఆలోచన అయిపోకుండా ఉండటం.

నమూనా విషయంలో నేను కఠినంగా ఉంటాను. మొదటి నమూనాకు నలభై నిమిషాలు, పాత అట్టపెట్టెలు, టేపు, కత్తెర మాత్రమే. రంగులు వేయకూడదు, కొన్నవేవీ వాడకూడదు. అందంగా ఉన్న వస్తువును చేతిలో పెడితే ఎదుటివారు మెచ్చుకుంటారు గాని లోపం చెప్పరు. మూడు రోజులు కష్టపడి చేసినదాన్ని పిల్లలూ చింపుకోలేరు. వస్తువు కాని పరిష్కారాలైతే నటించి చూపించవచ్చు. ఒకరు గ్రంథపాలకురాలిగా, ఒకరు చిన్న పిల్లవాడిగా నటిస్తే అదీ నమూనాయే.

ఆ బృందం తయారు చేసింది అట్టముక్కతో ఒక పట్టీ. పిల్లవాడు పుస్తకం తీయగానే ఆ ఖాళీలో తన పట్టీని దూర్చి, చదివాక పట్టీ ఉన్నచోటే పుస్తకం పెట్టేస్తాడు. ఉపాయం చక్కగా ఉందని నాకూ అనిపించింది. దాన్ని తీసుకుని రెండోసారి వెళ్ళినప్పుడు వారికి రెండే నియమాలు చెప్పాను. వస్తువును చేతికిచ్చి, ఎలా వాడాలో ఒక్క వాక్యంలో చెప్పి, ఆ తరువాత నోరు విప్పకూడదు. ఎదుటివారి మాటలకన్నా చేతులను ఎక్కువగా గమనించాలి. లావు పుస్తకాల మధ్య పట్టీ లోపలికి జారిపోయి కనబడలేదు. ఇద్దరు పిల్లలు పట్టీని అరలో పెట్టకుండా, చదువుతున్న పేజీలో గుర్తుగా పెట్టుకున్నారు. ఒక పిల్లవాడు పట్టీ తీసుకోవడమే మరిచాడు.

బృందం చిన్నబుచ్చుకుని తిరిగి వచ్చింది. ఆ గంటలో ఉపాధ్యాయుడు ఏం మాట్లాడతాడన్నదే మొత్తం ప్రాజెక్టులో అతి ముఖ్యమైన బోధన. చాలా ఏళ్ళ క్రితం మరో బృందం ఇలాగే దిగులుగా వచ్చినప్పుడు, మీ ఆలోచన మంచిదే, వాళ్ళకే అర్థం కాలేదు అని ఓదార్చాను. ఆ మాటకు ఇప్పటికీ బాధపడుతున్నాను, ఎందుకంటే ఆ ఒక్క వాక్యంతో నేను నేర్పదలచుకున్నదంతా చెరిపేశాను. ఈసారి మాత్రం, మీరు నిన్న తెలియనిది ఇవాళ తెలుసుకుని వచ్చారు, అదేమిటో రాయండి అన్నాను. వాళ్ళు పట్టీకి బయటికి కనబడే రంగు చెవి తగిలించి మూడోసారి వెళ్ళారు. ఈసారి ఎందుకో గ్రంథపాలకురాలితో కూడా మాట్లాడారు. పుస్తకాలు అరల్లో తిరిగి పెట్టమని తాను పిల్లలను ఎన్నడూ కోరలేదనీ, బల్లమీద వదిలేసి వెళితేనే ఏ పుస్తకాలు చదువుతున్నారో లెక్క పెట్టుకోవడం తనకు సులభమనీ ఆమె చెప్పింది. అంటే తిట్లు పడతాయన్నది పిల్లల్లో ఒకరినుంచి ఒకరికి పాకిన భయం మాత్రమే. బృందం పట్టీని వదిలేసింది. తలుపు దగ్గర ఒక బల్ల వేయించి, చదివిన పుస్తకాలు ఇక్కడ వదలండి అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది. పిల్లలు పుస్తకాలు తీయడం మొదలుపెట్టారు.

ఇక మార్కుల సంగతి ఆలోచించండి. చివరికి ఆ బృందం ప్రదర్శనలో పెట్టగలిగినది ఒక బల్ల, ఒక కాగితం. వస్తువుకు మార్కులు వేసే పద్ధతిలో వారికి సున్నా వచ్చేది, థర్మాకోల్‌తో గ్రంథాలయం నమూనా చేసినవారికి మొదటి బహుమతి వచ్చేది. నేను ఇరవై మార్కులకు ఇలా విభజిస్తాను. చూసినవీ విన్నవీ ఎంత నిజాయితీగా, వివరంగా రాశారన్నదానికి 6. సమస్య వాక్యం గాని నమూనా గాని ఎందుకు మారింది, ఏ ఆధారంతో మారింది అన్నదానికి 8. చివరి వస్తువుకు లేదా ఏర్పాటుకు 3. బృందంలో కలిసి పనిచేసిన తీరుకు, పనిని వివరించిన తీరుకు 3. నోటు పుస్తకం ఒక్కొక్కరిదీ వేరుగా ఉండాలి, ప్రతి పేజీకీ తేదీ ఉండాలి.

ఈ పద్ధతికి ఒక ప్రమాదముందని ముందే హెచ్చరిస్తున్నాను. మారితేనే మార్కులని తెలిసిన పిల్లలు కొందరు ఉత్తుత్తి పొరపాట్లు కల్పించి, వాటిని దిద్దుకున్నట్టు రాస్తారు. దీనికి విరుగుడు, ప్రతి మార్పుకూ ఫలానా తేదీన ఫలానావారు అన్న మాటో చేసిన పనో ఆధారంగా చూపమనడం. మొదటి ఆలోచనే నిజంగా నిలిచిన బృందం, అది ఎలా నిలిచిందో అదే ఆధారంతో చూపితే పూర్తి మార్కులు ఇవ్వండి.

కాలపట్టిక విషయానికొస్తే, వారానికి రెండు పీరియడ్ల చొప్పున ఐదు వారాలంటే మీకు పది పీరియడ్లున్నాయి. వచ్చే టర్మ్‌లో మొదటి పీరియడ్‌లో అడగడం సాధన చేయించి, రెండో పీరియడ్‌కే వారిని పంపండి. మూడోదానిలో సమస్య వాక్యం, నాలుగోదానిలో ఉపాయాలూ అట్ట నమూనా రెండూ. ఐదో పీరియడ్ రెండో కలయిక, అంటే సగం కాలం ఇంకా చేతిలో ఉండగానే వాళ్ళు తమ తప్పును చూసుకుంటారు. ఆరు, ఏడు పీరియడ్లు తిరగరాయడానికీ తిరిగి చేయడానికీ, ఎనిమిదోది మూడో కలయికకు. చివరి రెండూ రాసుకోవడానికి, చెప్పుకోవడానికి. బృందానికి నలుగురు చాలు. బృందాలన్నీ ఒకే వ్యక్తి మీద పడకుండా మాత్రం చూసుకోండి. పదిసార్లు అవే ప్రశ్నలు విన్న మనిషి పదకొండోసారి నిజం చెప్పడు.

మరొక్క మాట కూడా చెప్పాలి. ప్రతి ప్రాజెక్టునూ ఈ మూసలో పోయవద్దు. మొక్క వెలుగువైపు ఎందుకు వంగుతుందో తెలుసుకోవాలంటే ప్రయోగం చేయాలి, మొక్కను ఇంటర్వ్యూ చేయలేం. కారణాన్ని కనుక్కునే పని విజ్ఞానశాస్త్రానిది, ఒక మనిషి ఇబ్బందిని తగ్గించే పని డిజైన్‌ది. రెండోదానికి మొదటిదాని అవసరం తరచుగా పడుతుంది. తలుపు బరువుగా ఉందన్న ఫిర్యాదును ఎంత సహానుభూతితో విన్నా, పిడిని కీలుకు దూరంగా బిగిస్తే తెరవడం ఎందుకు తేలికవుతుందో తెలియని బృందం దాన్ని బాగుచేయలేదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న మూడు వారాల్లో మొదటినుంచి మొదలుపెట్టవద్దు. గదిలో ఉన్న ఆ థర్మాకోల్ నమూనాలనే తీసుకుని, ఏ వ్యక్తి కోసం తయారు చేశారో ఆ వ్యక్తి దగ్గరకు రేపే వెళ్ళమనండి. చేతికిచ్చి, మౌనంగా నిలబడి, జరిగినదంతా రాసుకుని రమ్మనండి. కొందరికి అసలు ఆ వ్యక్తి ఎవరో తెలియదని తేలుతుంది. ఆ బృందాలకు మొదటి వారం పని ఎవరి కోసమన్నది వెతకడమే. మిగిలినవారు తెచ్చిన పేజీలను ముందుపెట్టుకుని సమస్య వాక్యాన్ని పెన్సిలుతో మళ్ళీ రాయించండి. ప్రదర్శన రోజున పాత నమూనా, కొత్తది, రెండింటి మధ్య వారు విన్న మాటలున్న పేజీ, ఈ మూడూ ఒకే బల్లమీద పక్కపక్కన పెట్టించండి. కొత్తది తయారు కాకపోయినా సరే, ఆ పేజీని మాత్రం తప్పకుండా పెట్టించండి.